గుండె ఆకలిని గుర్తించిన యల్లాప్రగడ

ద్రాక్షారామమునకు పోయి భీమేశ్వరుని దర్శించిన వారికి పంచారామముల కథ తెలియనిది కాదు. తారకాసురుడు కంఠమున ధరించిన లింగమునందే అతని ప్రాణము నిలిచియుండెననియు, కుమారస్వామి దానిని భేదింపగా అది ఐదు శకలములై ఐదు చోట్ల పడెననియు స్థలపురాణము చెప్పును. అందొకటి ద్రాక్షారామమున వెలసెను. మరియొకటి, గోదావరి పాయలను దాటి పడమటికి పోయినచో, భీమవరమును ఆనుకొనియున్న గునుపూడిలో సోమేశ్వరుడై వెలసెను. దేహమున ప్రాణశక్తి ఎచ్చట నిలుచునను ప్రశ్నను రసాయనశాస్త్ర పరిభాషలో వేసికొని, దానికి కొంత సమాధానము రాబట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఆ భీమవరముననే జన్మించుట కాకతాళీయమే కావచ్చును. అయినను ఆ ప్రాంతమువారికి అది ముచ్చటగొలుపు కాకతాళీయము.

సుబ్బారావుగారి పేరు చెప్పగానే బోదకాలు మందు, ఆరియోమైసిన్, ఫోలిక్ ఆమ్లము స్ఫురించును. ఇవి ఆయన ఉత్తరవయస్సులోని పనులు. అంతకు పూర్వము, ముప్పది యేండ్లు దాటిన కొత్తలో ఆయన చేసిన పని మరియొకటి కలదు. మందుసీసాలపై దాని గుర్తు లేకపోవుటచే జనులకు అంతగా తెలియదు. నీరసించిన గుండె ఏల లయ తప్పునను విషయమును నేటి వైద్యులు విచారించునపుడు ఆ పని దగ్గరకు రాక తప్పదు.

గుండె నీరసించిన రోగిని ఎరుగని ఊరు గోదావరి మండలమున లేదు. పాదములకు నీరు దిగును. నాలుగు మెట్లు ఎక్కినచో ఆయాసము వచ్చును. రాత్రివేళ వెల్లకిల పరుండలేక గోడకు జేరగిలబడి తెల్లవారువరకు కూర్చుండును. ఇది కండబలము తగ్గుటచే కలుగు బాధ. దీనికి తోడు రెండవ బాధ యొకటి కలదు. నాడి పట్టిన వైద్యుని వ్రేళ్లకు దెబ్బలు వరుసగా తగులవు. రెండు దెబ్బలు వెంటవెంటనే తగిలి, పిమ్మట ఒక ఎడము, మరల నాలుగు తత్తరపాటు దెబ్బలు. లయ తప్పిన ఈ నడకయే కొందరిని, కాళ్ల నీరు తీసి కోలుకొనుచున్నారని ఇంటివారు సంతోషించు దినములలోనే, హఠాత్తుగా కొనిపోవును. నీరసము ఒక రోగము, లయభంగము వేరొక రోగము అనియే చాలకాలము తలచిరి.

గోదావరి, కృష్ణా మండలములు గల ఉత్తర సర్కారు ప్రాంతమునకు ఈ విషయమున ఒక చేదు చరిత్రయు కలదు. మరబియ్యము వచ్చిన పిమ్మట బెరిబెరి యను రోగము ఈ తీరమున పాదుకొనెను. అందు ఒక రకము సూటిగా గుండెనే పట్టును. దేహమునకు నీరుపట్టి, గుండె ఉబ్బి, వేగముగా కొట్టుకొని అలసిపోవును. ఉప్పుడు బియ్యము తిను ప్రాంతములలో ఇది అరుదనియు, పచ్చి బియ్యమును మరలో తెల్లగా పట్టించి తిను సర్కారు జిల్లాలలోనే హెచ్చనియు కూనూరులోని పోషకాహార పరిశోధకులు 1940 ప్రాంతమున వివరించిరి. తవుడుతో పాటు బి1 విటమిను పోవుటయే కారణము. అన్నము నుండి శక్తిని రాబట్టు క్రియకు ఆ విటమిను లేక జరుగదు. తెల్లని అన్నము మనుష్యుల విస్తళ్లలోనికి, తవుడు పశువుల కుడితిలోనికి పోయెను. కడుపు నిండియుండియు గుండె ఆకలితో మాడుట యనగా నేమో ఈ రోగము తెలిపెను. అయితే గుండె ఆకలిగొన్నదనినంత మాత్రమున చాలదు. అది తిను ముద్ద ఏదో తెలియవలెను. దానిని కనుగొన్నవారిలో సుబ్బారావుగారొకరు.

ఆయన 1895 జనవరి 12వ తేదీన జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు బిడ్డలలో ఈయన నాల్గవవారు. చదువునందు మొదట శ్రద్ధ లేదు. పదమూడేండ్ల ప్రాయమున, కాశి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింతునని ఇల్లు విడిచి పోగా, పెద్దలు మరల తెచ్చి బడిలో కూర్చుండబెట్టిరి. మెట్రిక్యులేషన్ రెండు పర్యాయములు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలు నుండి నెగ్గిరి. పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండగా సన్యసించి రామకృష్ణ మఠమున చేరవలెనను కోరిక పుట్టెను. వెంకమ్మగారు ససేమిరా ఒప్పుకొనలేదు. సేవ చేయదలచినచో వైద్యుడైనను చేయవచ్చునను తలంపుతో మద్రాసు వైద్యకళాశాలలో ప్రవేశించిరి. 1919లో శేషగిరిగారితో వివాహము జరిగెను.

గాంధీజీ పిలుపు విని శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు అంగీతో పోవుట ఆంగ్లేయ ఆచార్యునికి కంటగింపయ్యెను. తక్కిన పరీక్షలలో ప్రజ్ఞ చూపినను చివరకు చేతికి వచ్చినది ఎం.బి.బి.ఎస్. పట్టము గాక దానికి తక్కువదగు ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రము. ప్రభుత్వ వైద్యశాఖలో చోటు దొరకక, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించుచు కాలము గడపిరి.

ఆ ప్రాంతముననే ఇంటిపై పిడుగు పడెను. సోదరులిద్దరు స్ప్రూ అను గ్రహణి రోగముచే కొలది దినముల ఎడముతో మరణించిరి. సుబ్బారావుగారికిని ఆ రోగము సోకగా లక్ష్మీపతిగారి చికిత్స ఆయనను బ్రతికించెను. అన్నము తినుచుండగనే దేహము శుష్కించుటను ఆయన తన ఇంటనే, తన ఒంటిలోనే చూచిరి. ఆయన తర్వాతి పరిశోధనల కన్నిటికిని వెనుక ఈ దుఃఖమున్నదని తలచుట అతిశయోక్తి కాదు.

అమెరికా పోవలెనని నిశ్చయించిరి గాని చేత కాసు లేదు. మామగారు కొంత కూర్చిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత సాయము చేయుటకు ఒప్పుకొనెను. ఈ సత్యలింగ నాయకర్ ద్రాక్షారామమునకు తూర్పున, గోదావరి సముద్రమును చేరు చోటనున్న కోరంగివారు. రంగూను వర్తకమున గడించిన ధనమును విద్యాదానమునకు విడిచిన పుణ్యపురుషుడు. కోరంగి రేవు ఒకనాడు ఓడలకు నిలయమై పిమ్మట మేటవేసి పాడుపడెను. ఆ రేవుబిడ్డ సంపాదన ఒక భీమవరపు యువకుని సముద్రము దాటించుటకు తోడ్పడెను. మూడేండ్లలో తిరిగి వత్తునని భార్యకు మాట యిచ్చి ఆయన ఓడ యెక్కిరి.

1922 అక్టోబరు 26వ తేదీన బోస్టను చేరిరి. హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్యవిద్యాలయమున ప్రవేశము దొరికెను గాని వేతనము దొరకలేదు. పగలు చదువు, రాత్రి ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలను కడుగు కూలిపని. మద్రాసులో వైద్యుడనిపించుకొన్నవాడు ఆ పని చేయుటకు సిగ్గుపడలేదు. ఆయన వెడలిన తర్వాత జన్మించిన కుమారుడు తండ్రి ముఖము చూడకయే పసితనమున కన్నుమూసెను.

డిప్లొమా ముగిసిన పిమ్మట ఒట్టో ఫోలిన్ ఆచార్యత్వము వహించిన జీవరసాయన శాఖలో చేరి సైరస్ ఫిస్కె యొద్ద పనికి కుదిరిరి. రక్తమునందును కండయందును భాస్వరము ఎంత యున్నదో కొలుచు సులభమైన మార్గము కనుగొనుట ఆయనకు అప్పగించిన పని. వినుటకు గొప్ప పని కాదు. తూనికరాళ్లు తయారుచేయుట వంటిది. 1925లో ఆ మార్గము ప్రకటితమయ్యెను. ద్రవములోనికి మాలిబ్డేటును, మరికొన్ని ద్రవ్యములను చేర్చినచో భాస్వరము ఎంత యున్నదో అంతకు తగిన నీలివర్ణము కొద్ది నిమిషములలో ఏర్పడును. ఆ నీలపు చిక్కదనమును చూచి లెక్క చెప్పవచ్చును.

అసలు కథ ఇచ్చట ప్రారంభమగుచున్నది. రక్తముతో చేసినపుడు నీలివర్ణము వెంటనే వచ్చి నిలిచిపోయెడిది. కండరసముతో చేసినపుడు మాత్రము మొదట లేతగా వచ్చి, కాలము గడచిన కొలది క్రమముగా చిక్కనగుచుండెను. పని తొందరలో నున్నవాడైనచో ద్రవములో మలినమున్నదని పారబోసి మరల చేసెడివాడు. సుబ్బారావుగారును ఫిస్కెయు దానిని పారబోయలేదు. వర్ణము ఆలస్యముగా వచ్చుటకు కారణమేమి? కండలోని భాస్వరము విడిగా లేదు. ఏదో మరియొక పదార్థమును అంటిపెట్టుకొనియున్నది. పరీక్షాద్రవములోని ఆమ్లము తగిలిన కొలది ఆ పట్టు సడలి కొంచెము కొంచెముగా వెలికి వచ్చుచున్నది. ఆ తోడి పదార్థము క్రియేటిన్ అని తేలెను. ఈ విధముగా ఫాస్ఫోక్రియేటిన్ బయటపడి 1927లో లోకమునకు తెలిసెను. పిల్లుల కండలను ప్రేరేపించి పని చేయించినపుడు అది తరిగిపోవుటయు, విశ్రాంతి నిచ్చినపుడు మరల పెరుగుటయు వారు చూచిరి. అనగా అది కండ ఖర్చుపెట్టుకొను సొమ్ము. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులును అదే సంవత్సరము అదే జాడ పట్టిరి.

అంతవరకు పండితలోకము నమ్మినది వేరు. కండ కదలుటకు లాక్టిక్ ఆమ్లమే మూలమను సిద్ధాంతము ప్రబలియుండెను. కండలను గూర్చిన పరిశోధనకే హిల్, మేయర్‌హాఫ్ అను ఉద్దండులకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమతి లభించియుండెను. నీలివర్ణము ఆలస్యముగా వచ్చినదను చిన్న సంగతి ఆ సిద్ధాంతమునకు బీట వేసెను. 1930లో డెన్మార్కు దేశస్థుడగు లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లము పుట్టకుండ చేసినను కండ ముడుచుకొనగలదని చూపుటతో అది కూలెను. హిల్ పండితుడు తన పూర్వమతమును విడిచి కొత్త సత్యమును బాహాటముగా అంగీకరించుట ఆయన పెద్దరికము.

1929లో రెండవ అడుగు పడెను. అడినోసిన్ ట్రైఫాస్ఫేటు, ఏ.టి.పి. అను మూడక్షరములతో నేడు బడిపిల్లలకు సైతము తెలిసిన పదార్థమును సుబ్బారావుగారును ఫిస్కెయు కండ నుండి వేరుచేసిరి. జర్మనీలో లోమన్ అదే యేడు వేరుగా దానిని సాధించి, కొంత ముందుగా ప్రకటించెను. ఎవరు ముందను తగవు శాస్త్రచరిత్రలో నేటికిని ఉన్నది. ఇట్టి తగవులలో ప్రయోగశాలలో కూర్చుండి పాత్రలు కడిగి, పిండి, వడగట్టినవాని పేరు వెనుకకు పోవుట సామాన్యము.

ఈ రెండింటి పొత్తును గోదావరి గృహిణి తేలికగా గ్రహింపగలదు. గాదె నిండ ధాన్యమున్నను, ఎసరు మరుగువేళకు చేటలో చెరిగిన బియ్యము సిద్ధముగా నుండవలెను. ఏ.టి.పి. చేటలోని బియ్యము. అది చాలనపుడు పొరుగింటి నుండి తెచ్చు చేబదులు ఫాస్ఫోక్రియేటిన్. చేతికాలు కండలు పని లేనపుడు విశ్రమించును. గుండెకు ఆ వీలు లేదు. రోజుకు లక్ష సార్లు కొట్టుకొనవలెను. దానియందు ఏ క్షణమున చూచినను ఉండు ఏ.టి.పి. కొద్ది సెకండ్ల పనికి మాత్రమే చాలును. అందుచే ఖర్చయినదానిని ఎప్పటికప్పుడు తిరిగి చేసికొనుచుండవలెను. ఒక దినమున గుండె ఇట్లు చేసి ఖర్చుపెట్టు ఏ.టి.పి. సుమారు 6 కిలోలని నేటి లెక్క. గుండె బరువు అందులో ఇరువదవ వంతైనను ఉండదు.

చిత్రమేమనగా, ఏ.టి.పి. బయటపడిన 1929లోనే కేంబ్రిడ్జిలో డ్రూరీ, సెంట్ జార్జి అనువారు గుండెకండ నుండి తీసిన అడినోసిన్ జాతి పదార్థమును జంతువుల రక్తములోనికి ఎక్కించి, గుండెనడక మందగించుటను, కర్ణికల నుండి జఠరికలకు ఆజ్ఞ అందక నిలిచిపోవుటను చూచిరి. గుండెకు బలమిచ్చు పదార్థపు వెన్నెముకయే గుండె లయను కూడ ఆపగలదన్న మాట. హఠాత్తుగా దౌడు తీయు కొన్ని గుండెదడలను నిలుపుటకు అడినోసిన్‌ను వైద్యులు నేడు నరములోనికి ఎక్కించుచున్నారు. నీరసించిన గుండెలోని లయభంగములన్నిటికిని అది మందు కాదు. కాని బలమును లయయు ఒకే ఇంటి బిడ్డలని ఆనాడే సూచన దొరికెను.

హార్వర్డు 1930లో సుబ్బారావుగారికి డాక్టరు పట్టమిచ్చెను గాని స్థిరమైన ఆచార్యపదవి నీయలేదు. పది సంవత్సరములు అట్లే పనిచేసి, 1940లో న్యూయార్కు రాష్ట్రమందలి లెడర్లే సంస్థకు పూర్తిగా మారి పరిశోధనాధిపతి యయిరి. ఆ యెనిమిదేండ్ల చరిత్ర పలుమారులు వ్రాయబడినదే. 1945లో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. సోదరులను బలిగొన్న స్ప్రూ రోగమునకు అదియే మందయ్యెను. దానికి విరోధిగా చేసిన అమినోప్టెరిన్‌ను ఫార్బర్ అను వైద్యుడు పసిబిడ్డల రక్తకాన్సరుపై ప్రయోగించి 1948లో ఫలితములు వెల్లడించెను. గోదావరి డెల్టాను పీడించు బోదకాలుకు హెట్రజాన్, పలు అంటురోగములకు ఆరియోమైసిన్ ఆ సంవత్సరములలోనే వెలువడినవి. పేరు మాత్రము సహచరులకు విడిచి తాను తెర వెనుక నుండిరి. మూడేండ్లని చెప్పి పోయిన మనిషి ఇరువదియారేండ్లైనను తిరిగి రాలేదు. శేషగిరిగారు ఎదురుచూచుచునే యుండిరి. మహనీయుల జీవితములలో ఇట్టి ఋణములు తీరకుండ మిగులుట కలదు. వానిని చెప్పక దాటవేయుట న్యాయము కాదు.

1948 ఆగస్టులో ఒక రాత్రి నిదురించిన సుబ్బారావుగారు మరల లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయెను. వయస్సు 53. గుండె దేనిని తిని పనిచేయునో కనుగొన్నవానికి ఆ గుండెయే చెప్పక చేయక ద్రోహము చేసెను. నిలిచిన గుండెను విద్యుద్ఘాతముతో తిరిగి నడిపించు పద్ధతి అప్పటికి అప్పుడే మొలకెత్తుచుండెను. దానిని రోగి దేహములోననే అమర్చు చిన్న యంత్రము 1980లో గాని రాలేదు.

ఆయన వెలికితీసిన పదార్థములు రోగి పడక దగ్గరకు చేరుట మరణానంతరపు కథ. దేహమును కోయకయే, అయస్కాంతముల సాయముతో బ్రతికియున్న మనిషి గుండెలో ఫాస్ఫోక్రియేటిన్ ఎంత, ఏ.టి.పి. ఎంత యను నిష్పత్తిని కొలుచు విద్య 1980 తర్వాత వచ్చెను. నీరసించిన గుండెలో మొదట తరుగునది ఫాస్ఫోక్రియేటిన్. పిమ్మట రోగము ముదిరిన కొలది ఏ.టి.పి. కూడ తగ్గును. చేబదులు మొదట అడుగంటి, తర్వాత చేటలోని గింజలు తరుగుచున్నవి. 1997లో జర్మనీలో న్యూబవర్ బృందము గుండె వ్యాకోచించి నీరసించిన 39 మంది రోగులను పరిశీలించి, ఆ నిష్పత్తి తక్కువగా నున్నవారే ఎక్కువగా మరణించుచున్నారని చూపెను.

ఇక లయకు వత్తము. దెబ్బ దెబ్బకును గుండె కణములలోనికి సోడియము, కాల్షియము చొరబడును. వానిని మరల తోడిపోయుటకు కణముల పొరలలో ఏతముల వంటి ఏర్పాట్లు కలవు. సోడియపు ఏతమును 1957లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు స్కౌ కనుగొనెను. ఈ ఏతములను తొక్కు కూలీలకు కూలి ఏ.టి.పి. రూపముననే ముట్టవలెను. కూలి తగ్గినచో తోడు పని మందగించును. తోడివేయబడని కాల్షియము కణములో నిలిచి, గుండె సరిగా సడలక పోవుటయేగాక, వేళగాని వేళ ఆ కాల్షియము పొంగి అకాలపు దెబ్బను పుట్టించును. మరియు ఏ.టి.పి. తగ్గినపుడు మాత్రమే తెరచుకొను పొటాషియపు తూములను 1983లో జపాను దేశస్థుడగు నోమా గుండె కణములలో కనుగొనెను. కొన్ని కణములలో తూము తెరచి, ప్రక్కవానిలో తెరువకున్నచో విద్యుత్ప్రవాహము వంకరత్రోవలు పట్టి సుడి తిరుగును. ఆ సుడియే ప్రాణాంతకమగు లయభంగము. గుండెలో ఏర్పడిన మచ్చలు, గోడల సాగుడు, రక్తములోని ఉద్రేక రసములు, మందులవలన తరుగు లవణములు కూడ ఇందుకు కారణములే. ఆకలి యొక్కటే అపరాధి యనుట సరి కాదు. కాని నీరసమును లయభంగమును కలుపు త్రాళ్లలో గట్టి త్రాడు అదియే.

దీనిని మరచి చేసిన చికిత్స యొకటి పాఠము నేర్పెను. నీరసించిన గుండెను గట్టిగా కొట్టుకొనునట్లు చేయు మిల్రినోన్ అను మందును నోటి ద్వారా ఇచ్చి చూడగా రోగులు హుషారగుదురని ఆశపడిరి. 1991లో ఫలితములు రాగా, మందు పుచ్చుకొన్నవారిలో మరణములు 28 శాతము హెచ్చినట్లు తేలెను. మేత లేని ఎద్దును ములుకోలతో పొడిచి దమ్ము దున్నించినట్లయ్యెను. దానికి విరుద్ధముగా, గుండె వేగమును తగ్గించి దానికి కాస్త ఊపిరి తీసికొననిచ్చు బీటా నిరోధక మందులను, గుండె నీరసించినవారికి ఈయనే కూడదని ఒకప్పుడు నిషేధించిన మందులను, కొంచెము కొంచెముగా హెచ్చించి ఇవ్వగా, 1999లో వెలువడిన రెండు పెద్ద పరీక్షలలోను మరణములు మూడవ వంతు తగ్గెను. హఠాన్మరణములును తగ్గెను. ఎద్దును విప్పి నీడను కట్టిన రైతు తెలివి ఆసుపత్రికి చేరుటకు ఇంత కాలము పట్టెను.

1995లో ఆయన శతజయంతికి భారత ప్రభుత్వము తపాలాబిళ్ల వెలువరించెను. ఖద్దరు తొడిగినందుకు పట్టము తగ్గించిన నాటి వైద్యవిద్యార్థి ముఖము ఉత్తరములపై ఊరూరికి పోయెను. ఇక ప్రయోగశాలలలో భాస్వరమును కొలుచుటకు నీలివర్ణమును పుట్టించు ఆ 1925 నాటి పద్ధతిని, రెండు పేర్లను కలిపి, ఫిస్కె–సుబ్బారావు పద్ధతి అనియే వ్యవహరించుచున్నారు.